మొదటి గుప్పెడు

నేను ఒక వలను. వల అనగానే మీకు చందువా పులుసు గుర్తొస్తే ఆ ఆశ వదులుకోండి. నేను పట్టేది తినడానికి కాదు, లెక్కపెట్టడానికి. నన్ను కుట్టినవాడు విశాఖ రేవు దగ్గరి జాలరి గరికిన దానయ్య. వేసిన ప్రతి ముడినీ పళ్ళతో లాగి చూసేవాడు. ఆ పంటిగాట్లు ఇప్పటికీ నా అంచున ఉన్నాయి. నాకవే నగలు.

మా ఇద్దరినీ దక్షిణ ధ్రువం వైపు వెళ్ళే పరిశోధన ఓడ ఎక్కించారు. అక్కడి సముద్రంలో క్రిల్ ఉంటుంది. చిటికెన వేలంత ప్రాణి, రొయ్యకు చెల్లెలి వరస. తిమింగలాలకూ పెంగ్విన్లకూ అదే అన్నం. ఇప్పుడు మనుషుల కన్నూ దాని మీద పడింది. కుండలో ఎంతుందో చూడకుండా వడ్డించేయడం మనుషులకు అలవాటే గానీ, ఈసారి బుద్ధిగా ముందు లెక్క తేల్చుకుందామన్నారు. ఆ భారం ఓడలోని శాస్త్రవేత్త డాక్టర్ ఇందుమతిది.

ఇరవై చోట్ల నన్ను దింపారు. ఒక్క చోటు మిగిలింది, పెంగ్విన్ల గుట్ట పక్కన. ఆ లెక్క లేకపోతే అక్కడ ఎంత పట్టొచ్చో ఎవరో గుడ్డిగా అంచనా వేస్తారని ఇందుమతి బెంగ. మంచుగడ్డలు దగ్గరికొస్తున్నాయి, మధ్యాహ్నానికి కదలాల్సిందేనని కెప్టెన్ చెప్పేశాడు.

అంతవరకు దానయ్య పని నా చిరుగులు చూడడమే. ఆ పొద్దున వల విప్పే మనిషి వాంతులతో మంచం పట్టాడు కాబట్టి ఆ పనీ దానయ్య మీదే పడింది. ఆ చివరి చోట నేను నిండుగా పైకొచ్చాను. నా సంబరం చెప్పలేను. దానయ్య ఒక గుప్పెడు తీసి, కళ్ళకద్దుకుని, సముద్రంలోకి విసిరేశాడు.

ఇందుమతి చేతిలో పెన్ను ఆగిపోయింది.

"బాబాయ్, అందులో ఎన్ని ఉన్నాయి?"

"మొదటి గుప్పెడు గంగమ్మదే కదమ్మా. మా తాతకాణ్నుంచీ ఇంతే. సెయ్యి దానంతటదే పోనాది." మాట పూర్తవకముందే ఆయనకు తన తప్పు తెలిసింది. ముఖం వాడిపోయింది.

ఉజ్జాయింపుగా వేసేద్దామని పక్కనున్నవాళ్ళు సలహా ఇచ్చారు. ఆమె ఒప్పుకోలేదు. కెప్టెన్‌ను బతిమాలి అరగంట తెచ్చుకుంది. దానయ్య నన్ను తన చేతులతోనే దింపాడు. క్రిల్ గుంపు మా కోసం ఆగుతుందా అని నా ప్రాణం విలవిల్లాడింది. ఆగింది. ఈసారి మరింత బరువుగా పైకొచ్చాను. దానయ్య మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

లెక్క అయిపోయింది. ఇందుమతి లెక్కపెట్టిన క్రిల్ బకెట్‌ను ఆయన ముందు పెట్టింది.

"ఇప్పుడు వెయ్యండి బాబాయ్."

"ఈపాలి నువ్వెయ్యి తల్లీ."

ఆమె వేసింది. నీళ్ళలోంచి ఒక పెంగ్విన్ లేచి సగం గుటుక్కున మింగింది. గంగమ్మకు ఎంత ముట్టిందో గానీ, ఓడంతా నవ్వింది.

ఇప్పుడు నేను విశాఖలో ఒక ప్రదర్శనశాల గోడ మీద ఉన్నాను. నా పక్కన ఇందుమతి లెక్కల పుస్తకం తెరిచి పెట్టారు. ఆదివారాలు దానయ్య మనవరాలిని వెంటబెట్టుకొచ్చి, అందులోని చివరి వరుస చదివించుకుంటాడు: "లెక్క అయ్యాక ఒక గుప్పెడు సముద్రానికి." తర్వాత కాపలావాడు అటు తిరిగిన క్షణంలో నా ముడిని పళ్ళతో లాగి చూస్తాడు.

గట్టిగానే ఉన్నాను.