ఎడమ తలుపు

కతాసే మాస్టారు పోయిన తొమ్మిదో రోజున ఆయన భార్య ఫుమిఎగారు ఇసోబే కొట్టుకు వచ్చి, మా ఆయన సగంలో వదిలేసిన కారును ఉమెహారాగారే పూర్తి చేయాలని చెప్పి వెళ్ళిందట. ఉమెహారా అంటే నేనే.

షిమిజు రేవు వెనక వీధిలో ఇసోబే కొట్టుంది. కింద బొమ్మ కార్లు కట్టుకునే కిట్లు, రంగులు అమ్ముతాడు. ప్రతి నెలా రెండో ఆదివారం మేడమీద మేం తొమ్మిది మందిమి కూర్చుని కార్లు కడతాం. అసలు కారులో ఇరవైనాలుగో వంతు, అరచేతిలో పట్టే కార్లు. మాలో ఎవరైనా పోతే ఆ ఇంట్లో మిగిలిన కిట్ పెట్టెలను అమ్మరు. చీట్లు వేసుకుని తలా ఒకటి తెచ్చుకుంటాం, వచ్చే ప్రదర్శనకు కట్టి పెడతాం. సగం కట్టిన దాన్ని మాత్రం ఇంటివాళ్ళు ఎవరి పేరు చెబితే వాళ్ళకే ఇస్తారు. అలాంటి కారు ముందు పెట్టే చీటీ మీద రెండు పేర్లుంటాయి. మొదలుపెట్టినవాడిది ఒకటి, ముగించినవాడిది ఒకటి.

"ఆ ట్యూనా ఫ్యాక్టరీలో చేసే ఉమెహారాయేనా అని రెండుసార్లు అడిగా. అవును, ఆయనే అంది," అన్నాడు ఇసోబే, పెట్టె నా వైపు తోస్తూ.

"ఇంకెవరూ దొరకలేదా?"

"దొరక్కేం. తెల్ల కారంట మరి. నలభై తొమ్మిదో రోజు కర్మకి ఫోటో పక్కన పెట్టాలంట. చుట్టాలొస్తారు, మనమూ వెళ్ళాలి."

"బతికున్నన్నాళ్ళూ నా పనికి వంకలు పెట్టి, పోయాక నా నెత్తినే పెట్టాడు."

"నువ్వు తక్కువ తిన్నావా? పోయినేడు ఆయన చక్రాలు చూసి, ఇవి సైకిలుకి బిగించుకోండి మాస్టారూ అన్లేదూ?"

"అలాగే ఉన్నాయి మరి."

కతాసే మాస్టారు సాంకేతిక పాఠశాలలో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాడు. నేను పదిహేనో ఏట చదువు మానేసినవాణ్ణి. పంతొమ్మిదేళ్ళు ఒకే బల్లకు అటొకరం, ఇటొకరం కూర్చున్నాం. నేను కట్టిన ప్రతి కారునూ ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి చూసేవాడు. "ఉమెహారా, తలుపు గీత రంగుతో కాస్త పూడుకుపోయిందయ్యా," అనేవాడు. పూడుకుపోయే ఉండేది. ఆయన చెప్పింది ఏనాడూ తప్పు కాలేదు, అదే నాకు ఒళ్ళుమంట.

తెల్ల రంగు జోలికి మాత్రం ఆయన వచ్చేవాడు కాదు. నల్ల కారు మీద దుమ్ము పడితే సానబెట్టుకోవచ్చు. తెలుపు అలా కాదు. పలుచగా వేస్తే కింద ప్లాస్టిక్ కనబడుతుంది, మందంగా వేస్తే అంచులు మొద్దుబారిపోతాయి. పన్నెండు పలుచని పూతలు, పూతకూ పూతకూ మధ్య ఓపిక, అంతే దాని రహస్యం. హమామట్సు నుంచి కూడా వచ్చి నా తెలుపు చూసి వెళ్ళినవాళ్ళున్నారు. బతుకులో ఇంకెక్కడా నాకు లేని పేరు ఆ ఒక్క బల్ల దగ్గర ఉంది.

ఇంటికి వెళ్ళి పెట్టె విప్పాను. రెండు తలుపుల పాత చిన్న కారు, పైభాగానికి తెల్ల రంగు వేసి ఉంది. చేతిలో తిప్పి చూసి పకపకా నవ్వాను. ఎడమ తలుపు గులాబీ రంగుకు తిరిగి ఉంది.

ఆ కిట్ ప్లాస్టిక్ ఎరుపుది. ఎర్ర ప్లాస్టిక్ మీద నేరుగా తెలుపు వేస్తే కొన్ని రోజులకు అడుగున ఉన్న ఎరుపు పైకి ఊరుతుంది. అందుకే ముందు వెండిరంగు పూత ఒకటి వేసి దాని నోరు మూయాలి. మా దగ్గర కొత్తగా చేరినవాడికి కూడా మొదటి నెలలో చెప్పే మాట ఇది. మాస్టారే చెప్పేవాడు, బల్ల మీద స్కేలుతో కొట్టి మరీ.

మర్నాడే కొట్టుకు పట్టుకెళ్ళి ఇసోబేకు చూపించాను.

"చూశావా మీ మాస్టారి పని?"

"పోయినాయన్నేమంటాంలే. కళ్ళు ఆనకపోయుంటాయి. కడిగేసి మళ్ళీ వెయ్యి."

"కడుగుతా. చీటీ మీద నా పేరుండగా ఈ గులాబీ తలుపుతో బల్లెక్కనిస్తానా?"

పెట్రోలు ట్యాంకులో చేరిన నీటిని పోగొట్టడానికి పోసే మందు ఒకటుంది. దాంట్లో ఒక పూట నానబెడితే పాత రంగు పొరలుగా ఊడిపోతుంది. రెండు సీసాలు కొని, కూరల డబ్బా ఒకటి కడిగి పెట్టుకున్నాను. నానబెట్టే ముందు రంగు ఎంత మందంగా ఉందో చూద్దామని లోపలి అంచులను ఉప్పుకాగితంతో రుద్దాను. పైకప్పు దగ్గర తెలుపు కింద వెండిరంగు బయటపడింది. బానెట్ కిందా ఉంది. కుడి తలుపు కిందా ఉంది. ఎడమ తలుపు దగ్గర మాత్రం లేదు. వెండిరంగు ఆ తలుపు అంచు దాకా వచ్చి, టేపు అంటించి వేసినట్టు తిన్నగా ఆగిపోయింది.

అది మరుపు కాదు. మరిచిపోయేవాడు టేపు అంటించడు.

కారును బల్ల మీద పెట్టేశాను. సీసా మూత తీయలేదు.

పద్దెనిమిదో ఏట నేను ఒక డెంటింగు పెయింటింగు షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. ఎర్ర కారొకటి తెలుపు చేయడానికి వచ్చింది, మేస్త్రి మొదటిసారి మొత్తం కారు నా చేతికి ఇచ్చాడు. ఇదే రకం కారు. రెండు నెలలకు, ఎండలు ముదిరాక, దాని యజమాని వెనక్కి తెచ్చాడు. ఎడమ తలుపు గులాబీ రంగుకు తిరిగింది. కింది పూత డబ్బా పాతదని మేస్త్రికి చెప్పాను. ఆయన చేతిలో ఉప్పుకాగితం చుట్టిన చెక్క ఉంది. కారు తెచ్చినవాళ్ళ ముందే దాంతో చెంప మీద కొట్టాడు, నా ఎడమ చెవి చీలింది. మర్నాటి నుంచి నేను షెడ్డుకు వెళ్ళలేదు. ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీలో చేరి ముప్ఫై ఆరేళ్ళుగా చేపల వాసన మోస్తున్నాను. పెద్ద కార్లకు రంగు వేసే యోగం తప్పింది గనకే చిన్నవాటికి వేస్తున్నాను. ఆ యజమాని తన కారు తీసుకుని రాకపోయి ఉంటే, అని అనుకోని ఏడాది లేదు. అతని ముఖం నాకు గుర్తులేదు. కళ్ళద్దాలు, పక్కన గొడుగు పట్టుకున్న ఆడమనిషి, అంతే.

ఆదివారం ఉదయం కారును గుడ్డలో చుట్టుకుని ఫుమిఎగారింటికి వెళ్ళాను. ఫోటోకు అగరువత్తి వెలిగించి దణ్ణం పెట్టాను. ఆమె టీ పోసి, కమలాల బుట్ట నా ముందుకు జరిపింది. నేను గుడ్డ విప్పాను. తలుపు చూడగానే ఆమె ఊపిరి వదిలింది.

"కడిగేశారేమోనని భయపడ్డానండీ."

"నేనెవరో ఆయనకి తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ఆ షెడ్డు అబ్బాయి కనబడ్డాడే అన్నారు. మీ చెవి చూసి పోల్చుకున్నారంట."

"మరి పంతొమ్మిదేళ్ళూ నోరెందుకు విప్పలేదు?"

"చెప్తే మీరు రావడం మానేస్తారని."

"మానేసేవాణ్ణే."

"చూశారా మరి," అని ఆమె కమలా ఒకటి ఒలిచి నా పక్కన పెట్టింది. "ఆ రోజు మేం గొడవకి రాలేదండీ. ఇది ఎందుకిలా అయింది, ఇంకా పాకుతుందా అని అడుగుదామని వచ్చాం. నాకైతే బాగానే ఉంది, అది నేను కూర్చునే వైపు తలుపు. ఈయన నోరు తెరిచే లోపే మీ మేస్త్రి చెయ్యెత్తాడు. ఈయన చూస్తూ నిలబడ్డారు. పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి. దార్లో బండాపేసి, స్టీరింగు మీద తలానించుకుని కూర్చున్నారు."

"తర్వాత రంగు వేయించలేదా?"

"మేస్త్రి ఊరికే వేస్తానన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. పదకొండేళ్ళు అలాగే తిరిగాం. మా అత్తగారు దాన్ని కందిన చెంప అనేవారు."

నాకు జాలి కలగలేదు. కోపమే వచ్చింది. ఆగండి అని ఒక్క మాట ఆ రోజు అని ఉంటే నా చెవి దక్కేది. అనవలసిన నాడు అనకుండా, పంతొమ్మిదేళ్ళ పాటు తలుపు గీతల గురించి మాట్లాడాడు.

"ఆ రంగు చిన్న కారు మీదికి రప్పించాలని చాలా తంటాలు పడ్డారండీ," అంది ఆమె. "అసలు కారుకి తలుపు పిడి దాకా పాకింది. దీనికి ఇంకా రాలేదు. అది ఉమెహారాకే చేతనవుద్ది అనేవారు. ఇంతకీ ఎందుకలా అయిందండీ? చివరిదాకా ఆయనకదే ధ్యాస."

"డబ్బా పాతది," అన్నాను.

ఆమె తలూపింది. నేను కమలా తినకుండానే లేచాను.

ఇంటికి వచ్చి కిటికీ అద్దాలు అతికిద్దామని పెట్టెలో వెతుకుతుంటే, అడుగున అగ్గిపెట్టె ఒకటి దొరికింది. అందులో గోరంత ఎర్ర ప్లాస్టిక్ ముక్కలు మూడు, అన్నిటి మీదా తెల్ల రంగు. ఒక్కొక్కదాని వెనక డ్రాయింగు మాస్టారి నిటారు అక్షరాలతో సన్నగా రాసి ఉంది. మొదటిది, కింది పూత పలుచగా. తెల్లగానే ఉంది. రెండోది, కింది పూత పాత డబ్బాలోది. అదీ తెల్లగానే ఉంది. మూడోది, కింది పూత లేదు. అది తలుపు రంగులోనే ఉంది.

డబ్బా పాతదని నేను మేస్త్రితో చెప్పిన మాట ఆయన ఆ రోజు విన్నాడు. అది అబద్ధమని ఈ అగ్గిపెట్టెలో తేల్చుకున్నాడు. తేల్చుకుని, ఎవరికీ చెప్పకుండా మూత పెట్టేశాడు.

ఆ ముక్కలను బల్ల మీద కారు పక్కన వరసగా పెట్టాను. రెండు దారులే ఉన్నాయి. కడిగి, వెండిరంగు వేసి, పన్నెండు పూతల తెలుపు ఎక్కిస్తే నా పేరు నిలుస్తుంది. అడిగినవాళ్ళకు మాస్టారికి కళ్ళు ఆనలేదని చెప్పుకోవచ్చు. లేదంటే ఆ తలుపును ఇంకా పాడు చేయాలి.

నానబెట్టే మందును తీసి బీరువాలో పెట్టేశాను. ఎడమ తలుపు మీద రంగును పలుచన చేసే ద్రావకాన్ని తడి తగిలేంత మాత్రం చిలకరించి, కారును కరెంటుతో గిన్నెలారబెట్టే పెట్టెలో వెచ్చగా ఉంచాను. మా వాళ్ళందరి ఇళ్ళలోనూ ఆ పెట్టె ఉంటుంది, గిన్నెలు మాత్రం బయటే ఆరుతాయి. రోజూ పనికి వెళ్ళే ముందు తీసి చూసేవాణ్ణి. నాలుగో రోజుకు ఎరుపు కదిలింది. తొమ్మిదో రోజుకు పిడి కిందికి చేరింది. మిగతా కారుకు తెలుపు సరిచేశాను, అది నాకు అలవాటైన పనే. తలుపు దగ్గర మాత్రం ద్రావకాన్ని చుక్క చుక్కగా లెక్కపెట్టుకున్నాను. తెలిసి చేస్తే ఆ తప్పు ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది. పన్నెండో రోజున అది పిడిని అంటింది. పైన మెరుపు పూత వేసి ఆపేశాను.

నలభై తొమ్మిదో రోజున పూజారి మంత్రాలు చదివి వెళ్ళాక అందరం భోజనాలకు కూర్చున్నాం. ఫోటో పక్కన కారు, దాని ముందు ఇసోబే రాసిన చీటీ, రెండు పేర్లతో. మా వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి వంగి చూసి, ఏమీ అనకుండా వచ్చి కూర్చున్నారు. ఏమీ అనకపోవడం మా దగ్గర పెద్ద తిట్టు. ఇసోబే నా చెవిలో, "కడుగుతానన్నావు కదయ్యా," అన్నాడు.

ఫుమిఎగారి తమ్ముడు, షిమాదాలో టీ తోటలున్న మనిషి, రెండు గుటకలు వేసి ఉన్నాడు. కారును చేతిలోకి తీసుకుని తిప్పాడు.

"మిగతాదంతా పింగాణీలా ఉంది. ఈ తలుపేంటిలా తగలడింది? దీనికి రంగేసిందెవరు?"

ఇసోబే నా వైపు చూడకుండా పచ్చడి ముక్కల వైపు చూస్తున్నాడు.

"నేనే," అన్నాను. "కింది పూత డబ్బా ఆ తలుపు దగ్గరికొచ్చేసరికి అయిపోయింది. ఇంకోటి తేవాలంటే మర్నాటిదాకా ఆగాలి. బయట రేవు పండగ డప్పులు మోగుతున్నాయి. పూత వేయకుండానే తెలుపు వేసేసి, ఆడ్డానికి వెళ్ళిపోయాను."

"ఏ పండగండీ? ఇప్పుడేం పండగుంది?" అన్నాడాయన.

ఫుమిఎగారు లేచి, తమ్ముడి చేతిలోంచి కారు తీసుకుని, ఎడమ తలుపు గదిలోకి కనబడేలా తిప్పి ఫోటో పక్కన పెట్టింది. ఆ తర్వాత టీ కూజాతో వచ్చి నా పక్కన కూర్చుంది.

"డప్పులు మాకూ వినిపించాయండీ ఆ సాయంత్రం," అంది, టీ పోస్తూ. "కారు మీ షెడ్డులో ఉంది కదా, నడిచి రేవుకే వెళ్తున్నాం మేం కూడా."