బొట్టు పెట్టి పిలిచిన సభ

"ఉప్మాలో జీడిపప్పు కాస్త ఎక్కువ వెయ్యి హైమా, గుంటూరు నుంచి పెద్దవాళ్లొస్తున్నారు" అని బ్రహ్మానందం వసారాలోంచి కేకేసేటప్పటికి హైమావతి పెరట్లో కొత్త చీర ఉతుకుతోంది. చీరాల నుంచి సరుకు దిగిన ప్రతిసారీ అందులోంచి ఒక చీర తీసి తానే ఉతికి, ఎండలో ఆరేసి, రంగు దిగలేదని చూసుకున్నాకే మిగతావి అమ్మకానికి పెడుతుంది. రేపల్లెలో ఉప్పుకొట్టు నడిపిన వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న వ్యాపారం అది. గంగానమ్మపేట ఆడవాళ్లు ఆమె దగ్గర కొనేది చీర కాదు, "రంగు పోదమ్మా" అని ఆమె అనే మాట. ఆ సంగతి ఆమెకు తెలుసు. కొనేవాళ్లకూ తెలుసు. తెలియనిది బ్రహ్మానందానికి ఒక్కడికే.

అతను తెనాలి శాంతి సంఘానికి అధ్యక్షుడు. ఆ పనికి జీతం లేదు. ఇల్లు గడిచేది చీరల మీద. అయినా ఎవరైనా అడిగితే "మా ఆవిడకదో కాలక్షేపం" అంటాడు. సంఘం ఆఫీసు వాళ్ల వసారాయే. వచ్చిన వాళ్లందరికీ కాఫీలు, కాఫీ గ్లాసులు కడగడం, రాత్రికి ఉండిపోయిన వాళ్లకు పడకలు, ఇవన్నీ హైమావతివి. ప్రపంచశాంతి అతనిది. పెళ్లయిన కొత్తలో అత్తగారు చుట్టాల ముందు "మా కోడలు బజారు మనిషమ్మా, మూట నెత్తిన పెట్టుకుని తిరుగుతుంది" అని నవ్వితే, హైమావతి మొగుడి వంక చూసింది. అతను తల దించుకుని పెరుగన్నం కలుపుకున్నాడు. తర్వాత గదిలోకి వచ్చి "పెద్దావిణ్ణి నలుగురిలో ఏమంటాం, లోపల చెబుతాలే" అన్నాడు. ఆ అన్నం ఆమె తెచ్చిన బియ్యంతో వండింది. అత్తగారు పోయి ఏళ్లయింది. లోపల చెప్పిన జాడ మాత్రం ఆమెకు ఇప్పటిదాకా తెలియలేదు.

పోయినేడు వియత్నాం మీద సభ పెట్టారు. కరపత్రాలు వేశారు, రిక్షాలో మైకు పెట్టి ఊరంతా తిప్పారు. ఆడవాళ్ల వైపు పరిచిన చాపల మీద ఒక్క మనిషి కూర్చోలేదు. రెండో సభకు హైమావతే కుంకుమభరిణ పట్టుకుని బయల్దేరింది. పేరంటానికి పిలిచినట్టు ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి, "అక్కడ పసిపిల్లల మీద మంటలు కురిపిస్తున్నారమ్మా, వద్దని మనమూ ఒకమాట అందాం, రండి" అంది. బట్టలు కుట్టే జాన్‌బీకి బొట్టు బదులు తమలపాకుల్లో వక్క పెట్టి పిలిచింది. కోటేశ్వరమ్మ విధవరాలు. గడపలో నిలబడి ఒక అడుగు వెనక్కి వేసింది. హైమావతి చెయ్యి దించలేదు. కాసేపటికి కోటేశ్వరమ్మే నుదురు ముందుకు తెచ్చింది. ఆ సాయంత్రం చాపలు చాలక గోనెపట్టాలు పరవాల్సి వచ్చింది. అంతకు ముందు రోజు "ఈ మూఢాచారాలేంటి" అని విసుక్కున్న బ్రహ్మానందం "మహిళల్లో చైతన్యం వెల్లివిరిసింది" అని పేపరుకు రాసి పంపాడు. అందులో హైమావతి పేరు లేదు. ఆమె పట్టించుకోలేదు. ఆ పని మంచిదని ఆమెకు తెలుసు, అది చాలనుకుంది.

ఇప్పుడు అరవై ఎనిమిది ఆగస్టు. రష్యా టాంకులు చెకొస్లొవాకియాలో దిగాయని రేడియో చెప్పింది. వసారాలో రెండు రోజులు గొంతులు తగ్గాయి. మూడో రోజుకు మళ్లీ పెరిగాయి. ఏం మాట్లాడాలో పైనుంచి వచ్చినట్టుంది. ఉప్మా పళ్లెం తీసుకెళ్లేటప్పటికి లాయరు రంగనాయకులు కాగితం చదువుతున్నాడు. "సోదర దేశం చేసిన సహాయాన్ని హర్షిస్తూ..."

"ఆదివారం సభ హైమా" అన్నాడు బ్రహ్మానందం. "స్త్రీల తరఫున బలపరిచేది నువ్వే, పేరు అచ్చుకి ఇచ్చేశాం. రేపట్నించి నీ భరిణ తియ్యి."

"టాంకులేసుకుని వెళ్తే సహాయం ఎలా అయిందండీ?"

"అక్కడివాళ్లు పిలిస్తేనే వెళ్లారు."

"వియత్నాంలో సైగాన్ సర్కారు పిలిస్తేనే వచ్చామని అమెరికా కూడా అందిగా. అది దొంగమాట అని పోయినేడు మైకులో మీరే అన్నారు."

రంగనాయకులు నవ్వాడు. "చీరలమ్మి చీరలమ్మి మా చెల్లెలికి బేరం బాగా ఒంటబట్టింది బావా. అమ్మా, అది వేరు, ఇది వేరు. ఆయుధాల దగ్గర్నించి ఫ్యాక్టరీల దాకా మనకి సాయం చేసే దేశం. మిత్రుడు పొరపాటు చేస్తే మాత్రం నలుగురిలో అంటామా? లోపల చెప్పుకోవాలి."

"చెప్పారా మరి, లోపల?"

రంగనాయకులు ఉప్మాలో జీడిపప్పు ఏరుకున్నాడు. బ్రహ్మానందం "కాఫీలు తీసుకురా" అన్నాడు.

వంటింట్లోకి వెళ్లి ఆమె కాఫీ కలిపింది. ఇన్నేళ్లూ అతను పిరికివాడనుకుంది, అమ్మ ముందు నోరు లేవని మనిషనుకుని సరిపెట్టుకుంది. కాదు, అతనికి నోరుంది. దూరంగా ఉన్నవాడి మీద మైకు పగిలేలా లేస్తుంది. తనవాడు తప్పు చేస్తే మాత్రం ఎక్కడా లేని మర్యాద వచ్చేస్తుంది. అమ్మ విషయంలో అదే, రష్యా విషయంలో అదే. ఆ మర్యాదకు ఖర్చయ్యేది ఎప్పుడూ అతను కాదు. ఇంట్లో తను. అక్కడెక్కడో, నోరు తిరగని పేరున్న ఊళ్లో, టాంకు వచ్చి వాకిట్లో నిలబడితే పిల్లల్ని లోపలికి లాక్కున్న ఆడది. పైగా ఈ సరుకు అమ్మడానికి తన నోరు కావాలి. రంగు దిగే చీరని "పోదమ్మా" అని గడపగడపకూ చెప్పి రావాలి. ఎవరి నుదుటి మీద బొట్టు పెట్టి? కోటేశ్వరమ్మ నుదుటి మీద.

మర్నాడు ఆమె బయల్దేరింది. భరిణ ఇంట్లోనే పెట్టింది. వట్టి చేతుల్తో ప్రతి ఇంటికీ వెళ్లి, "ఆదివారం సభకు నేను పిలవడం లేదమ్మా. కరపత్రంలో నా పేరుంటుంది, అది నా మాట కాదు" అని చెప్పింది. పిలవడం లేదని చెప్పడానికి ఇల్లిల్లూ తిరిగిన మనిషిని ఎవరూ చూసి ఉండరు. కొందరు ఆమె వంటి మీద చెయ్యివేసి జ్వరమేమో అని చూశారు.

జాన్‌బీ మిషను ఆపి, "అంటే పోయినేడు చెప్పింది కూడా ఉత్తదేనా అక్కా?" అంది.

"కాదు. ఆ పిల్లలూ నిజమే, ఈ పిల్లలూ నిజమే. అందుకే."

కోటేశ్వరమ్మ చేట పక్కన పెట్టి అంతా విన్నది. ఆమె మొహంలో కోపం కనిపించలేదు, అదే హైమావతికి కష్టంగా ఉంది.

"ఆ రోజు నీ బొట్టుతో వీధిలోకి వచ్చానని మా బావగారు నెల్లాళ్లు నన్ను దెప్పారు. నా కంచం కూడా వేరు పెట్టారు. పడ్డాను. ఎందుకు పడ్డానంటే, అది మంచిపనని నువ్వన్నావు. ఇప్పుడు ఇది కాదంటున్నావు, సరే. మరి ఈ మాట నాకెందుకు చెబుతున్నావు?"

"నువ్వు రాకూడదని."

"నేను రాకపోతే ఆ టాంకులు ఆగుతాయా? చెప్పాల్సింది నీ మొగుడికి. నలుగురిలో అన్నదానికి నలుగురిలో చెప్పాలి. నా గుమ్మంలో గుసగుసలాడి పోతే ఏం లాభం?"

హైమావతి మెట్ల మీద కూర్చుంది. ఒంటరిగా ఎదిరించానని అనుకుంటోంది అప్పటిదాకా. మొగుడిలాగే తనూ లోపల చెబుతూ తిరుగుతోందని కోటేశ్వరమ్మ అనేదాకా తట్టలేదు.

ఆదివారం సాయంత్రం హాలులో మగవాళ్ల వైపు కుర్చీలు నిండాయి. ఆడవాళ్ల వైపు చాపలన్నీ ఖాళీ. హైమావతి ఒక్కతే వెళ్లి మధ్య చాప మీద కూర్చుంది. బ్రహ్మానందం వేదిక మీంచి ఆమెనూ, ఆమె చుట్టూ ఉన్న ఖాళీనీ మార్చి మార్చి చూశాడు. రంగనాయకులు తీర్మానం చదివి, "స్త్రీల తరఫున శ్రీమతి హైమావతి బలపరుస్తారు" అని తనే చప్పట్లు మొదలుపెట్టాడు.

ఆమె లేచి మైకు దగ్గరకు వెళ్లింది.

"నేను బలపరచడం లేదండి. అమెరికా చేస్తే హత్య అన్నాం. రష్యా చేస్తే సహాయం అంటున్నాం. పోయినేడు ఈ ఊరి ఆడవాళ్లను బొట్టు పెట్టి పిలిచి చిన్న దేశాల మీద పెద్ద దేశాలు పడకూడదని చెప్పింది నేను. వాళ్లలో కొందరు ఇళ్లల్లో మాటలు పడి వచ్చారు. ఇవాళ ఎదురు మాట చెప్పి వాళ్ల మొహాలు చూడలేను. ఈ చాపల మీద లేని వాళ్లందరి తరఫునా చెబుతున్నాను, ఇది ఏకగ్రీవం కాదని రాసుకోండి."

చప్పట్లు కొట్టబోయిన చేతులు ఒళ్లోకి దిగాయి. వెనక కుర్చీల్లో ఎవరో "ఆడవాళ్లకి మైకిస్తే ఇంతే" అన్నారు. గుంటూరు పెద్దమనిషి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. బ్రహ్మానందం లేచి వచ్చి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, పెదాలు కదలకుండా అన్నాడు. "ఇంటికి పద. ఏదైనా ఉంటే అక్కడ మాట్లాడుకుందాం."

హైమావతి అతని చెయ్యి పట్టుకుని మెల్లగా మైకు మీంచి తీసింది.

"అక్కడ మీరెప్పుడు మాట్లాడారండీ?" అంది. ఆ మాట బయట రోడ్డు మీద మనుషులకు కూడా వినపడింది.