వన్నూరప్ప చీటీ

భార్య పోయాక వన్నూరప్పకు ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. హిందూపురంలో సుబ్బలక్ష్మమ్మ నడిపే చీటీలో చేరాడు. నెలనెలా ఆమె వసారాలో అందరూ చేరి, ఇంత కోతకు నేనంటే నేనని పోటీపడి చీటీ పాడేవాళ్లు. అతను మాత్రం పాడకుండా, ఆ సందడి వింటూ కూర్చునేవాడు. అయితే పాడుకున్నవాళ్లు ఒక్కొక్కరే రావడం మానేసి, కంతు ఎవరిచేతనో పంపసాగారు. ఆఖరి నెలకు అతనొక్కడే మిగిలాడు.

"ఓపిక పట్టినావు గదప్పా, కోత లేకుండా దుడ్లన్నీ నీకే" అంది ఆమె.

"ఇంకో చీటీ ఎప్పుడక్కా?"

"ఇంక నాతో కాదప్పా. గోరంట్లకు కూతురు దగ్గరికి పోతాండా."

మరునాడు బెల్లం మండీలో వన్నూరప్ప కనబడినవాళ్లనల్లా అడిగాడు. "మా ఇంట్లో చీటీ పెడతాండా, చేరతావా? కంతు మాత్రం నువ్వే వచ్చి కట్టల్ల."