మూడో నెల దాటేదాకా చెప్పొద్దట

పొద్దున అన్నం వారుస్తుంటే నా ఎడమ కన్ను ఉన్నట్టుండి చీకటైపోయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు, చుక్క నీరు కారలేదు. అదే నా ఖర్మ! పైకి కనబడే జబ్బయితేనే మా అత్త శ్యామలమ్మ నమ్ముతుంది.

"కన్ను మంచిగనే ఉంది గదనే! ఎండల నిలవడ్డవు, గంతే. పసరు పోయిస్త పా."

పోయించింది కూడా. భగ్గున మండింది తప్ప చూపు రాలేదు. ఇక ఊరుకుంటానా? మా ఆయన నరేష్‌తో పోట్లాడి, మోత్కూర్‌లో బస్సెక్కి నల్లగొండ దవాఖానకు పోయాను. అత్త కూడా వెంటబడి వచ్చింది.

కంటి డాక్టరు లైటు వేసి చూశాడు. కంటి వెనక రక్తనాళం గడ్డ అడ్డుపడి మూసుకుపోయిందన్నాడు. ముప్పై ఏళ్లకే ఇట్లా అయిందంటే తప్పు రక్తంలో ఉండొచ్చని, పరీక్షలు చేయించి రక్తం జబ్బులు చూసే శ్రీవాణి మేడం దగ్గరికి పంపాడు.

ఫలితాలు చూసి మేడం అడిగింది. "ఇదివరకు గర్భం పోయిందా?"

"రెండుసార్లు పోయింది."

అత్త అందుకుంది. "కన్ను సూడమంటే కడుపు ముచ్చట ఎందుకమ్మా? చెప్తె ఇనదు. పత్తి చేన్ల పడి తిరిగింది, పోయినయి."

నాలుగేళ్లుగా ఇదే మాట. చెవులు చిల్లులు పడ్డాయి.

"ఇప్పుడేమైనా ఉందా? రక్తం పలచబడే మాత్ర రాయాలి. కడుపులో బిడ్డ ఉంటే అది చేటు చేస్తుంది."

"లేదు, లేదు!" అంది అత్త.

ఉంది. రెండో నెల. మూడో నెల దాటేదాకా బయటివాళ్లకు చెబితే దిష్టి తగులుతుందట. డాక్టరు కూడా బయటి మనిషేనట! మేడం రాయడం మొదలుపెట్టినా అత్త నా మోచెయ్యి గిల్లుతూనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఉంది మేడం! రెండో నెల!"

వరండాలో కూర్చున్నవాళ్లు తొంగి చూశారు.

"అయ్యో, గింత మందిల..."

"ఊకో అత్తమ్మా!"

మేడం ఆ చీటీ చించేసింది. మాత్ర బదులు రోజూ పొట్టకు సూది వేసుకోవాలంది. "నీ రక్తం ఊరికే గడ్డకడుతోందమ్మా. కంట్లో అయినట్టే, బిడ్డకు రక్తం అందించే మాయలోనూ గడ్డలు కట్టి ఉంటాయి. ఆ ఇద్దరూ అందుకే పోయి ఉంటారు, చేనుకు పోయినందుకు కాదు. ఈసారి సూదులు ఒక్కరోజూ మానకుండా వేసుకుంటే బిడ్డ నిలిచే ఆశ బాగా ఉంది. కంటి చూపు మాత్రం ఇక రాదు."

అత్త నా ఎడమవైపు కూర్చుంది. ఏడుస్తోందని గొంతును బట్టే తెలిసింది.

"ఎన్ని మాటలంటినే బిడ్డా నిన్ను..."

తల తిప్పి చూడబుద్ధి కాలేదు.

"నాలుగేండ్ల సంది అన్నవు. ఇగ సూది వేసుడన్నా నేర్సుకో," అన్నాను.