బల్ల కాళ్ల కింద గిన్నెలు

వార్డెను సంచీ కింద పెట్టకుండానే ఇల్లంతా ఒకసారి కలయజూసింది. పురుగును చూసినట్టు చూసింది. ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ ఉద్యోగాన్ని వదిలింది గానీ ఉద్యోగం ఆవిడను వదల్లేదు.

"ఏడీ వాడు?"

"లోపల పని చేసుకుంటున్నారు వదినా. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. తీసుకెళ్లడానికి వచ్చాను."

పెళ్లికూతురి ముఖాన నవ్వు ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. తల అక్కడక్కడా నెరిసినా, పెళ్లయి ఇంకా ఏడాది తిరగలేదు కాబట్టి వీధిలో అందరూ ఆమెను పెళ్లికూతురనే పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ ఆమెకు లోలోపల గంతులేయాలనిపిస్తుంది. కర్టెన్ల దుకాణంలో కుట్టుమిషను ముందే సగం జీవితం గడిపిన మనిషికి, ఒకే గ్లాసులో రెండు పళ్ల బ్రష్షులు ఒకదాని భుజం మీద ఒకటి వాలి కనిపించడం కూడా వైభవమే.

ఆ రెండో బ్రష్షు ఆమె మొగుడిది, అంటే వార్డెను తమ్ముడు బైండరుది. పాత పుస్తకాలు విప్పి, మళ్లీ కుట్టి, మైదా జిగురుతో కొత్త అట్టలు వేస్తాడు. తన ఒంట్లో నెమ్మదిగా నడిచే రక్త క్యాన్సరు, లుకేమియా, ఉందని పెళ్లికి ముందే చెప్పాడు. ఇప్పటికి మందులు అక్కర్లేదు, పరీక్షలు చేయించుకుంటూ కనిపెట్టుకుని ఉంటే చాలని రక్తం డాక్టరమ్మ అంది. అంత పెద్ద జబ్బు మర్యాదగా ఓ మూల కూర్చుంటే, ఇంటిని కాల్చుకు తింటున్నది మాత్రం దోమ.

అదే దోమ పెళ్లికూతుర్ని కుడితే చిన్న చుక్క, సాయంత్రానికి మాయం. బైండర్ని కుడితే నిమ్మకాయంత వాపు, దాని మీద నీటి బుడగ, వారాల తరబడి దురద. ఆమధ్య ఒక బుడగ చితికి, చీము పట్టి, జ్వరంతో ఆసుపత్రిలో పడుకోవలసి వచ్చింది. జబ్బు ముదిరిందేమోనని ఇద్దరూ బిక్కచచ్చిపోయారు.

"ముదరలేదు," అంది డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి. "ఈ జబ్బున్న కొందరికి పురుగు కుడితే ఒళ్లు ఇలా అతిగా తిరగబడుతుంది. బుడగల్ని చిదమకండి. ఈ మందు పూయండి, దురదకు ఈ మాత్ర. ఎరుపు పాకినా, జ్వరం తగిలినా ఆ రోజే రండి. అసలు కుట్టించుకోకుండా చూసుకోండి ముందు."

పులంటే భయపడొచ్చు, పాముతో పంతం పట్టొచ్చు. ఉఫ్‌మంటే ఎగిరిపోయే ఈ ప్రాణికి, ఇన్ని కోట్ల మంది ఉండగా, తన మొగుడే కావలసొచ్చాడా అని పెళ్లికూతురికి ఒళ్లు మండిపోయింది. సలహాలిచ్చే వాళ్లను చూసినా అంతే. పక్కింటావిడ ఉల్లిపాయ రుద్దమంది. ఎదురింటాయన, రక్తం తియ్యగా ఉన్నవాళ్లనే దోమలు వెతుక్కుంటాయని, తానే ఓసారి దోమగా పుట్టి చూసి వచ్చినట్టు చెప్పాడు. ఇద్దరికీ తలూపి పంపించి, ఆమె దుకాణం నుంచి వల గుడ్డ తెచ్చి కిటికీలన్నిటికీ బిగించింది, మంచానికి తెర కుట్టింది. అయినా కొత్త వాపులు వస్తూనే ఉన్నాయి. అన్నీ మోకాళ్ల కిందే.

ఆ సంగతి ఫోనులో విని వచ్చింది వార్డెను. నేరుగా తమ్ముడు పని చేసుకునే గదిలోకి నడిచి, కిటికీ దగ్గర పూలకుండీల మీద పడింది.

"ఇవీ నీ దోమల పుట్టిళ్లు. పడుచుపిల్లలా ఈ పూల సోకేమిటి నీకు? నా ఇంట్లో దోమన్న మాట వినపడదు."

"నీ ఇంట్లో మాట్లాడాలంటే దానికీ భయమేనేమో అక్కా," అన్నాడు బల్ల దగ్గర పుస్తకం కుడుతున్న బైండరు తల ఎత్తకుండా.

"నోర్ముయ్. కాళ్లు చూపించు."

చూపించాడు. ఎడమ చీలమండ మీద బుడగ మెరుస్తోంది. వార్డెను ముఖంలో ఒక్క క్షణం వార్డెను పోయి అక్క కనిపించింది. వెంటనే సర్దుకుంది.

"సాయంత్రం బస్సుకి బయల్దేరుతున్నాం. ఈ కొంపలో పద్ధతిగా ఉన్నవి నేను పెట్టించిన ఆ గిన్నెలొక్కటే."

బల్ల నాలుగు కాళ్ల కింద నాలుగు గిన్నెలు, వాటినిండా నీళ్లు. జిగురు వాసనకు చీమలూ బొద్దింకలూ పైకి పాకకుండా వార్డెను చెప్పిన ఉపాయం అది.

"వాటిలో నీళ్లైనా పోస్తున్నావా, అదీ లేదా?"

"రోజూ పొద్దున్నే పోస్తాను వదినా," అంది పెళ్లికూతురు కాస్త గర్వంగానే. ఆమె తెల్లవారే సంబరాల్లో అదొకటి. చిన్న చెంబుతో వంగి పోస్తుంటే, ఆయన పుస్తకం మీంచి చూపు తిప్పకుండానే రెండు కాళ్లూ పైకెత్తి పెట్టుకుంటాడు, ఇల్లు ఊడ్చేటప్పుడు పిల్లాడిలా. ఆ కాళ్లు చూసి ఆమె ఎన్నిసార్లు నవ్వుకుందో.

బైండరు సూది కింద పెట్టాడు. "కొన్నాళ్లు అక్క దగ్గరికి వెళ్లొస్తానోయ్. మళ్లీ ఆసుపత్రి మంచమంటే గుండె జారిపోతోంది."

వద్దంటే, రేపు జ్వరమొస్తే ఎవరిది పాపం? పెళ్లికూతురు మందు తీసుకుని బల్ల కింద కూర్చుని బుడగ చుట్టూ మెల్లిగా పూయసాగింది. చెయ్యి చురుక్కుమంది. పట్టపగలు, కిటికీలన్నిటికీ వల ఉన్న గదిలో, మణికట్టు మీద చారల కాళ్ల దోమ. కొట్టబోయి ఆగింది. అది తాపీగా లేచి, ఎటూ వెళ్లలేదు. వెనక కాలి గిన్నె అంచున వాలింది, సొంతింటికి వచ్చినట్టు.

ఆమె ఫోను లైటు వేసి గిన్నెలోకి చూసింది. నీళ్ల నిండా సన్నటి తోకపురుగులు, దోమ పిల్లలు, తలకిందులుగా వేలాడుతూ, వెలుగు పడగానే మెలికలు తిరుగుతూ.

గిన్నె తీసి వార్డెను ముందు పెట్టింది. వార్డెను కళ్లద్దాలు సవరించుకుంది.

"పాత నీళ్లు పారబోయలేదా నువ్వు?"

"తగ్గినప్పుడల్లా నింపమన్నారు మీరు. నింపాను."

"పారబోయమని వేరే చెప్పాలా?"

"మీరు నాకు చెప్పనిది ఏదైనా ఉందా వదినా? అదొక్కటే మిగిల్చారు."

బైండరు ఇద్దరి వంకా, గిన్నె వంకా చూశాడు. "అక్క గిన్నెలు పెట్టింది. నువ్వు నీళ్లు పోశావు. నేను రక్తం పోశాను. ముగ్గురం కలిసి ఎంత ముద్దుగా పెంచాం," అని పగలబడి నవ్వాడు. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, "ఇక బస్సెందుకక్కా? మీ ఇంట్లోనూ వంటింటి అలమారకి ఇవే గిన్నెలుగా," అన్నాడు.

వార్డెను అప్పటికి సంచీ కింద పెట్టింది. అంతటి ఆవిడ వెనక్కి తగ్గడం చూసి పెళ్లికూతురికి ఎక్కడ లేని ఆనందమూ వచ్చింది, దాని వెంటే తన చెంబు గుర్తొచ్చి చచ్చేంత సిగ్గూ వచ్చింది. సొంత మొగుడి కాళ్ల దగ్గర, నవ్వుకుంటూ, రోజూ.

"పీచు తీసుకురా," అంది వార్డెను చీర కుచ్చిళ్లు దోపుకుని నేల మీద చతికిలబడుతూ. "అంచులకు గుడ్లు అతుక్కుని ఉంటాయి. నీ తోముడు నేను నమ్మను."

నాలుగు గిన్నెల నీళ్లూ పెళ్లికూతురు పెరట్లోకి తీసుకెళ్లి ఎండలో కాలుతున్న బండ మీద గుమ్మరించింది. తోకపురుగులు కాసేపు కొట్టుకున్నాయి. నడుం మీద చెయ్యి వేసుకుని, తల కాస్త పక్కకు వంచి, అచ్చం వదినలాగే వాటిని చూస్తూ నిలబడింది. బండ ఆరిపోయేదాకా కదల్లేదు.

తోమిన గిన్నెల్లో ఈసారి నీళ్లు పోయలేదు. నూనెనైతే చీమా దాటదు, దోమా అందులో గుడ్లు పెట్టదు. కుట్టుమిషను నూనె డబ్బా తెచ్చి బల్ల కిందికి వంగింది. పైన బైండరు మళ్లీ సూది అందుకున్నాడు. పుస్తకం మీంచి చూపు తిప్పకుండానే రెండు కాళ్లూ పైకెత్తాడు.