చేతికర్రంటే నాకు పడదు

నేను ఒక కలాన్ని. సిరా పోసుకుని జేబులో కులికే జాతి కాదు. శ్రీకాళహస్తిలో గుడ్డమీద బొమ్మలు గీసే వెదురు పుల్లను. నా నడుముకు ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని తాగిన నల్లరంగును వేళ్ళు మెల్లగా నొక్కితే గీత దిగుతుంది. దిగిన గీత ఇక చెరగదు. అందుకే నాకు చెయ్యే దేవుడు.

నన్ను చెక్కినవాడు గురప్ప. నలభై అయిదు దాటాక ఆయన నడక తూలింది, మాట ముద్దయింది. చుక్క ముట్టని మనిషికి వీధి వీధంతా తాగుబోతని పేరు పెట్టింది. మనుషులకు కారణం దొరక్కపోయినా నింద మాత్రం చేతికందేంత దూరంలోనే ఉంటుంది. నేను ఆయన వేళ్ళలోంచి జారిపోయాక కొడుకు మునిరత్నం పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళు ఆ చెయ్యి నాది. నా ఒక్కదానిదే.

ముప్పై ఎనిమిదో ఏట మునిరత్నం గీసే ఏనుగు తొండం వణికింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పు నామీదికి నెట్టాడు. ఉన్ని విప్పి మళ్ళీ చుట్టాడు. కొన చెక్కాడు. చివరికి కొత్త కలాలు తెచ్చుకున్నాడు. అవీ వణికాయి. అబద్ధమెందుకు, సంతోషించాను.

తర్వాత ఇంటికి చేతికర్ర వచ్చింది. దానికి రంగు తాగడం రాదు, బొమ్మ తెలియదు. అయినా తెల్లారింది మొదలు ఆ వేళ్ళు దాన్నే వెతుక్కునేవి. దానికి చెదలు పట్టాలని రోజూ కోరుకున్నాను.

కూతురు కుముద ఆయన్ని తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఆయన నన్ను సాక్ష్యంగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఈ కలమే మేడం, మాట ఇనడం లేదు," అన్నాడు ముద్దముద్దగా.

డాక్టరమ్మ నవ్వలేదు. ముక్కు ముట్టుకుని తన వేలు ముట్టుకోమంది. ఆయన వేలు ఆమె వేలిని దాటిపోయి గాలిలో తడుముకుంది. రక్తపరీక్ష ఫలితం వచ్చిన రోజు మళ్ళీ కూర్చోబెట్టి చెప్పింది.

"కలం తప్పు కాదండీ. దీన్ని అటాక్సియా అంటారు. మీ జన్యువులో ఒక చిన్న ముక్క ఉండాల్సినదానికన్నా ఎక్కువసార్లు రాసుంది. దాంతో నడకనీ చేతినీ మాటనీ అదుపులో పెట్టే చిన్నమెదడు దెబ్బతింటోంది. మీ నాన్నగారిదీ ఇదే అయ్యుంటుంది. పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. తరం మారేకొద్దీ ఇంకా ముందే బయటపడొచ్చు."

"అయితే మా నాయిన తాగుబోతు కాదు గదమ్మా," అన్నాడు మునిరత్నం. కుముద వైపు మాత్రం చూడలేకపోయాడు.

ఇరవై రెండేళ్ళ కుముద తనూ పరీక్ష చేయించుకుంది. ఆ కాగితం వచ్చిన మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

"ఏం రాసినారు పాపా?"

"నాకూ ఉండాది నాయినా."

ఆయన ముఖం కప్పుకున్నాడు. "నేనే ఇచ్చినా గదా నీకు."

"బొమ్మలు గీసే చెయ్యి గూడా నువ్విచ్చిందే. దాన్నెందుకు లెక్కలోకి తీసుకోవు?"

తండ్రి సగంలో వదిలేసిన గుడ్డ పరిచి, నన్ను రంగులో ముంచింది. గీత తిన్నగా దిగింది. మునిరత్నం కర్రను గోడకు ఆనించి పక్కన కూర్చున్నాడు. పొద్దువాలినా ఆ పిల్ల నన్ను వదల్లేదు. ఎంత గట్టిగా పట్టుకుందంటే ఉన్ని ఒత్తుకుపోయింది.

అలాగే పట్టుకో తల్లీ. ఒక చెయ్యి పోగొట్టుకున్నాను, ఇది మాత్రం ఎవరికీ ఇవ్వను. ఇవ్వనంటే ఎవరూ వినరని తెలుసు. అయినా ఇవ్వను.