గేటుకి తగిలించిన పొట్లాలు

మీరే చేశారు. ఢిల్లీశ్వరరావు ఇంట్లో ఆ రెండు రోజులూ బంతిలో కూర్చుని పనసపొట్టు కూర మారడిగి తిన్నది మీరే. సన్నాయి మోగుతుంటే ఫోన్లెత్తి పట్టుకుని, పెళ్లంటే ఇదీ అని స్టేటస్‌లు పెట్టుకున్నదీ మీరే. ఆ సన్నాయి ఊదినవాడు ఎక్కడ కూర్చుని తిన్నాడో చూడలేదని మాత్రం అనకండి. చూశారు. చూసి, ఇంకో బూరె వేయించుకున్నారు.

ఏం జరిగిందో చెబుతాను, వినండి.

ఢిల్లీశ్వరరావు రైల్వేలో రిటైరై బెరంపురం లంజిపల్లిలో ఇంటి మీద మేడ లేపాడు. శనివారం మేడకి గృహప్రవేశం, సాయంత్రం డాబా మీద ఆర్కెస్ట్రా, ఆదివారం కూతురు చందన పెళ్లి. అన్నీ ఆ ఇంట్లోనే. కల్యాణ మండపం వద్దు, కేటరింగు వద్దు అని ఆయన పంతం. వంటంతా భార్య ఉమాదేవీ, ఆవిడ అక్కచెల్లెళ్లూ, వీధిలో ఆడవాళ్లూ కలిసి పెరట్లో పొయ్యిలు పెట్టి చేశారు. "మా ఇంట్లోకి హోటల్ మెతుకు రాదు" అని ఉమాదేవి ఊరందరికీ ఫోన్లో చెప్పింది. చిలక సరస్సు ఒడ్డున రంభ ఊరి దగ్గర పల్లెలో ఉండే గున్నయ్యకీ చెప్పింది.

"పెట్టెలో పాట మాకొద్దు గున్నయ్యా. సన్నాయి నువ్వే ఊదాల. రెండు పూటలా మా సేతి వంట తినెల్దురు గాని."

గున్నయ్య పొంగిపోయాడు. సన్నాయి ఆయనది, డోలు కూతురు ఈశ్వరిది, తాళం మేనల్లుడు కాసులుది. ఆడది డోలు మెళ్లో వేసుకోవడమేటని మొదట్లో నవ్విన గంజాం జిల్లా, ఇప్పుడు ఈశ్వరి డోలు ఉంటేనే మేళం చెప్పుకుంటోంది.

శనివారం ఆవు కొత్త గడప దాటింది, పాలు పొంగాయి, వీళ్ల మేళం వీధి చివరిదాకా మోగింది. బంతులు మొదలయ్యేసరికి ముద్దపప్పు వాసన, ఆవపెట్టిన కూర వాసన, ఒడియా చుట్టాల కోసం చేసిన డాల్మా వాసన. అప్పుడొచ్చాడు ఢిల్లీశ్వరరావు, ముఖమంతా నవ్వు.

"గున్నయ్యా, మీకీ పప్పూ కూరా ఏటి ఆనుద్ది? స్పెషల్ తెప్పించాను. సికెన్ బిర్యానీ! అయితే ఇంట్లో పూజ కదా, నీసు లోపల తినకూడదు. గేటు బయట జనరేటర్ పక్కన నీడుంది, అక్కడ కూకోండి."

హోటల్ పొట్లాలు సంచిలో గేటు చువ్వకి వేలాడుతున్నాయి. కాసులు సంబరం చెప్పలేం.

"సూసినావేటి వదినా! ఆల్లకి పప్పు, మనకి కోడి! బాబుగారు దేవుడే!"

ఈశ్వరీ నవ్వింది. డీజిల్ కంపులో కూర్చుని ఎముక చీకింది. అదే ఆమె చేసిన తప్పు. కోడి పెడితే గౌరవమనుకుంది.

చెయ్యి కడుక్కోడానికి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లింది. అక్కడ బంతిలో ఆర్కెస్ట్రావాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్లూ సాయంత్రం వాయించడానికి వచ్చినవాళ్లే. కీబోర్డు రవి ఆకులోకి ఉమాదేవి నెయ్యి వంపుతోంది.

"సాలు అమ్మగారూ, సాలు! నిన్న గోపాలపూర్ ప్రోగ్రాంలో రొయ్యల వేపుడు లాగించేసి పొట్ట మండిపోయింది. మీ పులుసుతో ప్రాణం లేచొచ్చింది."

"తిను బాబూ, మొగమాటపడకు."

కుళాయి నీళ్లు ఈశ్వరి చేతి మీద పడుతూనే ఉన్నాయి. రొయ్యలు తిన్న రవికి లోపల ఆకు. ఆమెకేమో బయట పొట్లం. నీసు తింటారని బయట కూర్చోబెట్టలేదు. బయట కూర్చోబెట్టడానికే నీసు తెప్పించారు. కోడితో కంచె కట్టారు! నోట్లో మిగిలిన మసాలా తుపుక్కున ఉమ్మేసింది.

సాయంత్రం డాబా మీద పాటలు దద్దరిల్లుతుంటే, కింద కారు షెడ్డులో తండ్రికి చెప్పింది. గున్నయ్య సన్నాయి తుడుచుకుంటూ తలెత్తలేదు.

"మీ తాతని బంతిలోంచి లేపేస్తే పశువుల సాలలో తిన్నాడు. నాను పెరట్లో తిన్నాను. నీకు నీడలో కూకోబెట్టి కోడి పెట్టినారు. ఎదుగుదల కాదేటి?"

"పశువుల సాల గేటు లోపలుంటాదయ్యా. తాత కన్నా దూరంగా కూకున్నాం మనం."

"నోరు మూసుకో. ఆ రవిగాడి పెట్టె సూసినావా? దాన్నోనే సన్నాయుంది, డోలుంది. మనం మానేస్తే ఆల్ల పెళ్లాగదు, మన పొయ్యి ఆగుతాది."

ఈశ్వరి డోలు మీద గుడ్డ కప్పి అక్కడే పడుకుంది.

ఆదివారం పొద్దున్నే పెరట్లోకి వెళ్లి పొయ్యి దగ్గర ఉమాదేవి ముందు నిలబడింది.

"అమ్మా, ఇయ్యాల మాకు పొట్లాలొద్దు. బంతిలో కూకుంటాం. మీ సేతి వంట తినమని మీరే కదా పిలిసినారు."

ఉమాదేవి గరిటె ఆగింది. చుట్టూ వంకాయలు కోస్తున్న ఆడవాళ్లు కత్తిపీటల మీంచి చూశారు.

"నాకేటి అభ్యంతరమే? పెళ్లివారున్నారు, ఆల్లేటనుకుంటారో... బాబుగార్ని అడుగు."

"అడగడం నేదమ్మా. సెప్తన్నాను."

"సూద్దాంలే. ముందు ఎల్లి పని కానీ."

ఈ సూద్దాంలే అన్న మాటతో ఎందర్ని ఎన్నేళ్లు నిలబెట్టారో! అయినా ఈశ్వరి నమ్మింది. పెళ్లివారి ఎదురుకోలుకి డోలు చీల్చి చెండాడింది. మగపెళ్లివారి కుర్రాళ్లు ఈలలేశారు. ఒక పెద్దాయన ఆమె పక్కన నిలబడి సెల్ఫీ కూడా దిగాడు. సెల్ఫీకి మైల అంటదు కాబోలు.

ముహూర్తానికి ఇంకొంచెం టైముందనగానే చుట్టాల్ని బంతులకి లేపారు. మండపానికి ఎడంపక్క షామియానా కింద ఆకులు పరిచారు. ఈశ్వరి వాయిస్తూనే గేటు వైపు చూసింది.

చువ్వకి హోటల్ సంచి వేలాడుతోంది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. సన్నాయి ఒక్కటే కొంచెం దూరం పోయి, తోడు లేక అదీ ఆగింది.

"మహురి కాహిఁకి బంద్ హెలా?" అని ఒడియా చుట్టమొకాయన అడిగాడు, సన్నాయి ఎందుకాగిందని. మండపం మీద చందన తలెత్తింది. పంతులు గారు మంగళసూత్రం కొబ్బరిబోండాం మీద సర్దుతూ ఈశ్వరితో, "అమ్మాయ్, గట్టిమేళానికి సిద్ధంగా ఉండు" అన్నాడు. తాళి పడేటప్పుడు తుమ్ము గానీ చెడ్డమాట గానీ పెళ్లికూతురి చెవిన పడకుండా గట్టిమేళం కప్పేయాలి. అది లేనిదే ఆ ఇళ్లలో తాళి కట్టరు.

ఢిల్లీశ్వరరావు పరుగున వచ్చాడు. "ఏటే, ఏటయింది?"

"మా ముగ్గురికీ ఆకులెయ్యండి బాబూ. ఆ బంతిలోనే. ఇప్పుడే తింటామనడం నేదు. ఆకేసి, ఇది మీదని ఒక్క మాటనండి. గట్టిమేళం కొట్టేస్తాను. పిల్లకి సెడుపు సెయ్యను."

"ముహూర్తం మీద బ్లాక్‌మెయిలా? కోడి పెట్టి నెత్తినెక్కించుకున్నందుకా?"

"ఆ కోడేదో మీ వియ్యంకుడికి పెట్టి గేటు బయట కూకోబెట్టండి, సూద్దాం!"

వియ్యంకుడి మీసం అదిరింది. ఢిల్లీశ్వరరావు ముఖం కందగడ్డయింది.

"రవీ! సన్నాయి టోను పెట్టు! గట్టిమేళం నువ్వే లాగించు!"

రాత్రి డాబా మీంచి దించిన స్పీకర్లూ కీబోర్డూ షామియానా పక్కనే ఉన్నాయి, పెళ్లి భోజనానికి ఆగిపోయిన రవీ అక్కడే ఉన్నాడు. రవి ఈశ్వరి వైపు ఒకసారి చూసి, కళ్లు దించుకుని మీట నొక్కాడు. సన్నాయి వచ్చింది. ఊపిరి పీల్చుకోని సన్నాయి, ఎక్కడా తడబడని డోలు. జనం హమ్మయ్యనుకున్నారు. "పన్లోకొచ్చింది" అని ఎవరో నవ్వారు.

అయిపోయింది. ఇక ఈ జిల్లాలో ఈ మేళాన్ని పిలిచేవాడుండడు. తండ్రి ముఖం చూసే ధైర్యం లేక ఈశ్వరి నేల చూసింది.

గున్నయ్య లేచాడు. సన్నాయిని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. వెళ్లి ఆ ఇంటాయన కాళ్లు పట్టుకుంటాడనుకుంది ఈశ్వరి. ఢిల్లీశ్వరరావు కూడా అదే అనుకుని గెడ్డం ఎత్తి నిలబడ్డాడు. గున్నయ్య ఆయన్ని దాటిపోయాడు. షామియానా కిందికి పోయి, ఉప్పూ ఊరగాయా వేసి ఉన్న, ఎవరూ కూర్చోని ఆకు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

పక్కాయన లేచిపోయాడు. ఆ పక్కన ఇంకొకడు లేచాడు. మూడోవాడు సగం లేచి, వేడి అన్నం వదల్లేక మళ్లీ కూలబడ్డాడు. కాసులు పరిగెత్తి మామయ్య పక్కన చతికిలబడ్డాడు.

"లేరా గున్నా!" ఢిల్లీశ్వరరావు గొంతు చీలిపోయింది.

"నాను లెగను బాబూ," అన్నాడు గున్నయ్య. మనిషి కదల్లేదు. "మా అయ్య లెగిసినాడు. నాను లెగను."

రవి చేతులు తీసేశాడు. పెట్టె ఊరుకోలేదు. అదే ముక్క తిప్పి తిప్పి మోగిస్తోంది. పెళ్లికొడుకు తాళి చేతిలో పట్టుకుని బంతి వైపే చూస్తున్నాడు. పంతులు గారు గడియారం చూస్తూ, "దాటిపోతోందండీ, దాటిపోతోంది!" అంటున్నాడు. బంతి మధ్యలో ఉమాదేవి అన్నం బేసినుతో నిలబడిపోయింది. ఒకసారి మొగుడి వైపు, ఒకసారి గున్నయ్య వంచిన తల వైపు చూస్తోంది. బేసిను లోంచి పొగలు లేస్తున్నాయి.

ఈశ్వరి డోలు భుజానికెత్తుకుని ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. కర్ర చేతిలోనే ఉంది.

"బాబుగారి మొకం సూడకమ్మా. అన్నం వండిన సెయ్యి నీది, పెట్టాల్సిన సెయ్యీ నీదే. సూద్దాంలే అనకు, ఆల్లనీ ఈల్లనీ అడగకు. మా అయ్య ఆకులో అన్నం పెట్టు. ఇంతమందీ సూస్తుండగా, ఇప్పుడే పెట్టు!"